చుక్కల గీత

యూనివర్సిటీలో ఆవిడని ఎదురుగా మేడమ్ అనీ, చాటున ఏడో పొర అనీ పిలిచేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఏటి ఒడ్డున ఒక దిబ్బ మీద ఆవిడ నాలుగు సీజన్లు తవ్వకం నడిపింది. మనుషులు తరతరాలుగా ఒకేచోట ఇల్లు కట్టుకుని, అది కూలితే దాని మీదే ఇంకొకటి కట్టుకుని, అలా పేరుకుపోయిన దిబ్బ అది. నిలువునా కోసి చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైది కొత్తది, అడుగుది పాతది. పైనుంచి లెక్కపెడితే ఏడో పొరలో, దిమ్మిస కొట్టిన ఒక మట్టినేల మీద, చిటికెన వేలంత ఇనుప ఉలి దొరికింది. ఆ నేల మీది బొగ్గు పరీక్షకు పంపితే తేలిన కాలం చూసి ఈ విద్యలో తలపండినవాళ్ళు కూడా ముక్కున వేలేసుకున్నారు. ఆ ప్రాంతంలో ఇనుము వాడకం ఉన్నపళంగా నాలుగు వందల ఏళ్ళు వెనక్కి జరిగింది. ఆ వ్యాసంతోనే ఆవిడ ప్రొఫెసరయింది. పాఠ్యపుస్తకాల్లో ఆ ఉలి బొమ్మ వేశారు.

తవ్వకం పూర్తి నివేదిక మాత్రం రాయలేదు. ఈ వృత్తిలో అది దాదాపు అందరూ చేసే పాపమే. తవ్వడానికి ఉన్న హుషారు రాయడానికి ఉండదు. అయితే తవ్విన నేల మళ్ళీ తవ్వడానికి మిగలదు. మిగిలేవి సంచుల్లో పెంకులు, నోటుపుస్తకాలు, గీసిన బొమ్మలు. వాటిని కూర్చి ఎవరో ఒకరు రాయకపోతే, తవ్వినవాళ్ళకీ చెరిపేసినవాళ్ళకీ తేడా ఉండదు. తరగతిలో ఏటేటా ఈ మాట చెప్పింది ఆవిడే.

రిటైరై నాలుగేళ్ళయింది. భర్త పోయి ఎనిమిది నెలలు. అప్పుడొచ్చింది డిపార్ట్‌మెంటు నుంచి ఉత్తరం. స్టోరు ఉన్న భవనాన్ని కంప్యూటర్ గదులకు తీసుకుంటున్నారట. నివేదిక ఉన్న తవ్వకాల సరుకు మ్యూజియానికి వెళ్తుంది, లేనివాటిని పారబోస్తారు. గడువు ఆరు నెలలు.

"పారబొయ్యడం అంటే?" అని ఆవిడ స్టోరుకి వెళ్ళి అడిగింది.

స్టోర్ కీపరుని అందరూ తాళాలాయన అనేవాళ్ళు. నడుముకి తాళాలగుత్తి వేలాడుతుంటే ఆయన రాక నాలుగు గదుల అవతలికి వినిపించేది. "రోడ్డు గుంటల్లో పోస్తారు మేడమ్," అన్నాడాయన. "పోయినేడు ఓ పెద్దాయన పెంకులు అలాగే పోశారు. ఇప్పుడు వాటి మీద బస్సులు తిరుగుతున్నాయి. ఇంకో వెయ్యేళ్ళకి ఎవరో తవ్వి, ఇక్కడ కుండల బజారు ఉండేదని రాస్తారు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి కావడంతో నవ్వు సగంలోనే ఆగిపోయింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి స్టోరుకి రావడం మొదలుపెట్టింది.

ఆవిడ భర్త డిపార్ట్‌మెంటులో డ్రాయింగు మాస్టారు. తవ్వకంలో కోసిన గోడల్ని కొలతలతో గ్రాఫు కాగితం మీదికి ఎక్కించడం ఆయన పని. అది ఇద్దరు మనుషులుంటేగాని సాగదు. గోడకి అడ్డంగా దారం బిగించి, టేపు పట్టుకుని ఒకరు "అడ్డం నలభై, కిందికి ఇరవైమూడు" అని పిలవాలి. రెండోవాళ్ళు అక్కడ చుక్క పెట్టాలి. మొదటి సీజనంతా ఆవిడ పిలుస్తూ ఉంది, ఆయన చుక్కలు పెడుతూ ఉన్నారు. రెండో సీజను అయ్యాక పెళ్ళి చేసుకున్నారు. ఇంట్లో ఎలా ఉన్నా, తవ్వకం దగ్గర మాత్రం ఇద్దరూ ఒకరినొకరు మీరు అనే అనుకునేవాళ్ళు. కూలీలకి అది భలే వేడుకగా ఉండేది. ఇంటికొచ్చాక ఆయన "ప్రొఫెసరు గారూ, టీ తమరు పెడతారా, ఈ గుమాస్తా పెట్టాలా?" అనేవారు. ఎప్పుడూ ఆయనే పెట్టేవారు.

ఇప్పుడు టీ ఆవిడే పెట్టుకుంటోంది. ఒక కప్పుకి నీళ్ళు ఎన్ని పొయ్యాలో ఇంకా చెయ్యి తిరగలేదు. రోజూ కాస్త మిగిలిపోతోంది.

ఆదివారాలు ఆడపడుచు ఫోను చేస్తుంది. మాస్టారి తర్వాతిది, ఒక్కతే చెల్లెలు. వేరే ఊళ్ళో నర్సు.

"తిన్నావా వదినా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఆలోచిస్తున్నావంటే తినలేదన్నమాట. మా అన్నయ్య నిన్ను చూసి ఏం పడిపోయాడో నాకిప్పటికీ అర్థం కాదు. వంట రాదు, కబుర్లు రావు. పగిలిన కుండలు మాత్రం వచ్చు."

"ఆయనకీ అవే వచ్చు."

"అదీ నిజమే. పనయిపోయాక మా ఇంటికి వచ్చెయ్. ఒక్కదానివీ ఆ ఇంట్లో గోడలు చూస్తూ ఏం చేస్తావు?"

గోడలు చూడటమే నా ఉద్యోగం కదా అనబోయి ఊరుకుంది. పని కాగానే చెప్తానంది.

పని బాగానే నడిచింది. మొదటి మూడు పొరలూ రాసేసింది. ప్రతి గోడకీ మాస్టారు సిరాతో గీసిన బొమ్మ ఒకటి సిద్ధంగా ఉంది. గీత వణకదు, అక్షరం చెదరదు. తూర్పుగోడ దగ్గరికొచ్చేసరికి, బొమ్మ ఏ సొరుగులో ఉందో చూడ్డానికి ఆయన రిజిస్టరు తెరిచింది. పదిహేడో నంబరు తూర్పుగోడ. దాని కింద ఇంకో వరస ఉంది. పదిహేడు-అ. తూర్పుగోడ, పెన్సిలు, ఉదయం ఆరుంపావు, చినుకు పడ్డాక. వాడలేదు.

సొరుగు అడుగున అది దొరికింది. తనకి కొట్టినపిండి లాంటి గోడే. ఏడు పొరలు, అడుగున మట్టినేల, దాని మీద ఉలి దొరికిన చోట చిన్న శిలువ గుర్తు. కాకపోతే, మూడో పొర అడుగు నుంచి ఒక చుక్కల గీత దిగుతోంది. నాలుగు, ఐదు, ఆరు పొరల్ని కోసుకుంటూ ఏటవాలుగా మట్టినేల దాకా వచ్చి, అవతలి వైపు నుంచి మళ్ళీ పైకి ఎక్కిపోయింది. శిలువ గుర్తు ఆ గీత లోపల ఉంది.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆ గీతకి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది గుంట అంచు. మూడో పొర కాలంలో ఎవరో పైనుంచి లోతుగా ఒక గుంట తవ్వారు. అది పాతనేల దాకా దిగింది. తర్వాత చెత్తతో, మట్టితో నిండిపోయింది. ఉలి ఆ చెత్తలోది. నేల పాతదే, బొగ్గు పాతదే. ఉలి మాత్రం కొత్తది. గుంట అంచు కనిపెట్టకుండా దానిలోని వస్తువుని పక్క పొరకి అంటగట్టడం కన్నా పెద్ద తప్పు ఈ వృత్తిలో లేదు. మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి వారంలో చెప్పే పాఠం అది.

మరిచిపోయాననుకున్న ఆ పొద్దు అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగో సీజను చివరి వారం. వానలు పడేలోగా తవ్విన కందకాలు పూడ్చెయ్యాలి. ఉలి దొరికి అప్పటికి పదిరోజులు. పెద్దలందరికీ కబురు వెళ్ళిపోయింది. ఆవిడ తవ్వకం దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదయింది. మాస్టారు తెల్లవారగట్లే వచ్చి గోడ ముందు కూర్చున్నారు.

"మేడమ్, ఇటోసారి చూడండి. ఇక్కడ గుంట అంచులా ఉంది."

"ఎక్కడ?"

"చినుకు పడ్డాక బాగా తెలిసింది. లోపలి మట్టి కాస్త నల్లగా ఉంది. ఇప్పుడు ఆరిపోయింది."

ఆవిడ నీళ్ళు చల్లించింది. తాపీతో గీకింది. ఎండ నేరుగా గోడ మీద పడుతోంది. గోడంతా ఒకటే రంగు.

"ఏం లేదు," అంది.

"రేపు పొద్దున్న ఇంకోసారి..."

"మాస్టారూ, పొరలు చూడటం నా పని. మీరు బొమ్మ గియ్యండి."

పక్కన నలుగురు కూలీలున్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు. మాస్టారు ఆ కాగితం చుట్టి పక్కన పెట్టి, పలక మీద కొత్త కాగితం బిగించారు. ఆవిడ టేపు పట్టుకుని కొలతలు పిలిచింది. ఆయన చుక్కలు పెట్టారు. మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. మర్నాడు పొద్దున్న ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళలేదు. కావాలనే వెళ్ళలేదా, తీరికలేకా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలని చూసింది. తేల్చుకోలేకపోయింది. ఆ మర్నాటికల్లా కందకం పూడ్చేశారు.

ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇరవై ఏడేళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్నట్టు బతికారు. ఆవిడకి బహుమతి వచ్చినప్పుడు తూర్పుగోడ బొమ్మ నకలుకి ఆయనే అద్దం కట్టించి తెచ్చారు. అద్దంలో ఉన్నది పదిహేడు. సొరుగులో ఉన్నది పదిహేడు-అ. ఆయన దాన్ని దాచలేదు కూడా, రిజిస్టరుకి ఎక్కించి మరీ పెట్టారు. ఆ పేజీ ఒక్కసారి తిప్పి ఉంటే కనిపించేది.

తన గీతని తానే నమ్మలేదా, నమ్మి ఊరుకున్నారా? ఊరుకుంటే ఎవరి కోసం? అడగడానికి మనిషి లేడు.

మూడురోజులు ఆవిడ స్టోరుకి వెళ్ళలేదు. నాలుగోరోజు వెళ్ళి తాళాలాయనతో, "మూడో పొర సంచులన్నీ కావాలి. ఏడో పొరలో తూర్పుమూలవి కూడా," అంది.

"అన్నీ అంటే డెబ్బై పైచిలుకు మేడమ్."

"అన్నీ."

పెన్సిలు గీత ఒక్కటీ సాక్ష్యం కాదు. ఆయన చూపు మీద గౌరవం వేరు, రుజువు వేరు. గోడా లేదు, కందకమూ లేదు. పెంకులున్నాయి. గుంట నిజమైతే, మూడో పొరలో వాళ్ళు పగలగొట్టుకున్న కుండ ముక్కలు కొన్ని ఆ పొరలోనే ఉండిపోయి, కొన్ని గుంటలో పడి ఉండాలి. గుంటలో పడ్డవాటికి తాను ఏడు అని చీటీ కట్టింది. మూడు అని చీటీ ఉన్న ముక్క, ఏడు అని చీటీ ఉన్న ముక్కతో అతికితే ఇక మాట్లాడటానికేమీ ఉండదు. ఒక కుండ నాలుగు వందల ఏళ్ళ తేడాతో రెండుసార్లు పగలదు.

ఆరు బల్లలు కలిపి పెంకులు పరిచింది. మొత్తం కుండ మూతి అంచుల్లేని, నగిషీ లేని నాసిరకం ముక్కలు. అప్పట్లో లెక్కపెట్టి సంచిలో వేసెయ్యడమే తప్ప ఎవరూ పట్టించుకోనివి. రంగు ప్రకారం వేరుచేసింది, తర్వాత మందం ప్రకారం, ఆ తర్వాత లోపలివైపు వేలిగుర్తుల ప్రకారం. మధ్యాహ్నానికి మెడ పట్టేసేది. అతకకూడదని కోరుకుంటూ అతికిస్తోందో, అతకాలని కోరుకుంటోందో ఆవిడకే తెలియదు.

తాళాలాయన రోజుకోసారి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవాడు.

"మా మనవరాలూ ఇలాగే బొమ్మముక్కలు పరుస్తుంది మేడమ్. దానికైతే పెట్టె మీద బొమ్మ ఉంటుంది. మీకు అదీ లేదు."

"ఒకటుందిలెండి. పెన్సిలుది."

పందొమ్మిదోరోజు, భోజనానికి లేవబోతూ చేతిలో ఉన్న బూడిదరంగు ముక్కని ఊరికే పక్కదాని పక్కన పెట్టింది. పెట్టగానే వేళ్ళకి తెలిసిపోయింది. పగిలిన అంచు పగిలిన అంచులో కూర్చుంది. కదిపితే కదల్లేదు. లోపలివైపు కుమ్మరి వేలు పడ్డ గీటు ఒక ముక్కలో ఆగి రెండో ముక్కలో కొనసాగింది. విడదీసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ కూర్చుంది. ఒకదాని చీటీ మీద మూడు. ఒకదాని చీటీ మీద ఏడు. రెండూ తన చేతిరాతే.

సాయంత్రానికి ఇంకో మూడు జతలు దొరికాయి.

అప్పుడు ఆవిడకి కలిగింది దిగులు కాదు. చాలాకాలానికి ఒక లెక్క తేలిన సంతోషం. ఇంటికెళ్ళి చెప్పాలి, 'నీ గీత నిజమే' అని గుమ్మంలోంచే అరవాలి అనుకుంది. సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాకగానీ ఇంట్లో ఎవరూ లేరని గుర్తు రాలేదు. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. తాళాలాయన తలుపు దగ్గర నిలబడి గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకున్నాడు.

మర్నాడు డిపార్ట్‌మెంటు హెడ్డు దగ్గరికి వెళ్ళింది. అతను ఒకప్పటి ఆవిడ విద్యార్థి. ఏడో పొర ఇనుము మీదే పరిశోధన చేసి, పుస్తకం రాసి ఆ కుర్చీ దాకా వచ్చాడు. ఆవిడ రెండు కాగితాలూ, నాలుగు జతల పెంకులూ బల్ల మీద పెట్టింది. అతను పెంకులు చేతిలోకి తీసుకుని అతికించి చూశాడు. చాలాసేపు వాటిని బల్ల మీద పెట్టలేదు.

"మేడమ్, సంచులు మారిపోయి ఉండొచ్చు కదా? కడిగేటప్పుడు పొరపాటున..."

"నాలుగు జతలూనా? అన్నీ ఆ మూలవేనా?"

అతను పెంకుల్ని ఆవిడ వైపు జరిపాడు. "ఒక ఫుట్‌నోటు పెడదాం. కొంత సందేహానికి తావుంది అని. అబద్ధం కాదుగా. ఇన్నేళ్ళ మీ పేరు మేడమ్. ఎవరైనా అడిగారా మిమ్మల్ని? ఆ గోడ లేదు. మాస్టారూ లేరు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు."

"ఆయన చూశారు."

"మీరు చూడలేదుగా?"

"చూడలేదు. అదే రాయాలి బాబూ."

"మరి నా పుస్తకం?"

అతని గొంతు తరగతిలో మార్కులు తగ్గినప్పటి గొంతులాగే ఉంది. ఆవిడకి జాలేసింది. "నీ పుస్తకంలో తప్పు నాది. నాదేనని అచ్చులో రాస్తాను. నువ్వు నన్ను నమ్మావు. అందులో నీ తప్పేముంది?"

అతను లేచి తలుపు దాకా సాగనంపాడు. "ఇంకోసారి ఆలోచించండి మేడమ్," అన్నాడు. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. ఏటా జరిగే ఇనుము సదస్సుకి ఆ యేడు ఆవిడకి పిలుపు రాలేదు. ఆలోచించడం అయితే ఆలోచించింది. ఫుట్‌నోటు కూడా రాసి చూసింది. రెండు వాక్యాలు, ఎక్కడా వేలెత్తి చూపేందుకు లేదు. దాన్ని వారంరోజులు బల్ల మీద ఉంచుకుంది. అది చదివినవాళ్ళకి ఆ పొద్దున గోడ ముందు ఒక మనిషి ఉన్నాడని తెలియదు. చూశాడని తెలియదు, చెప్పాడని తెలియదు. వారం గడిచాక చించేసింది.

తూర్పుగోడ అధ్యాయానికి ఆ నెలంతా పట్టింది. పదిహేడు, పదిహేడు-అ ఎదురెదురు పేజీల్లో పెట్టింది. ఉలికి కొత్త కాలం రాసింది. నివేదిక గడువుకి తొమ్మిదిరోజుల ముందు అచ్చుకి వెళ్ళింది. పెంకులు లారీ ఎక్కి మ్యూజియానికి వెళ్ళాయి. తాళాలాయన ఖాళీ గదికి తాళం వెయ్యబోయి, "దేనికిలెండి," అని ఊరుకున్నాడు.

ఆ ఆదివారం ఆడపడుచు ఫోను చేసింది.

"అయిందా వదినా నీ పుస్తకం?"

"అయింది."

"అందులో అన్నయ్య గురించి ఉందన్నావు. చదువు, వింటాను."

"నీకు అర్థం కాదు."

"ఇంజెక్షను కాగితాలు అర్థమవుతాయి, ఇది కాదా? చదువు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "మూడో పొర నుంచి దిగిన ఈ గుంట అంచును తవ్వకం జరుగుతున్నప్పుడే చిత్రకారుడు గుర్తించి, గీసి, నాకు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు మళ్ళీ చూడమన్నారు. నేను చూడలేదు. పెంకులను బట్టి ఆయన గీతే సరైనదని ఇప్పుడు తేలింది. ఇన్నాళ్ళూ నేను ప్రకటించిన కాలం తప్పు."



"అంటే అన్నయ్య చెప్పిందే కరెక్టా?"

"అవును."

"ఆ ముక్క చెప్పడానికి మూడొందల పేజీలా?"

"మిగతావి వేరే పొరలు."

ఆడపడుచు నవ్వి, ముక్కు చీదుకుంది. "అన్నయ్య నాతో ఒక్కనాడూ అనలేదు వదినా. ప్రతిదీ చెప్పేవాడు. నీ మీద చాడీలు కూడా చెప్పేవాడు. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు."

"నాతో చెప్పారు," అంది ఆవిడ. "ఒక్కసారి."